మా వాడు స్నోబోర్డింగే వృత్తి అంటున్నాడు, ఆ బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి

పాలకొల్లు_తండ్రి

మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మొన్న వేసవి సెలవులకి అమెరికాలో డెన్వర్ దగ్గర ఉన్న మా బావమరిది ఇంటికి పంపించాం. ఏప్రిల్ ఆఖర్లో కూడా అక్కడ కొండల మీద మంచు ఉంటుందట. వాళ్ల మావయ్య వీణ్ణి తీసుకెళ్లి కాళ్లకి స్నోబోర్డు కట్టించి కొండ మీద నుంచి జారడం నేర్పించాడు. పదకొండు రోజులు జారాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఎంసెట్ మాట ఎత్తితే పుస్తకం మూసేస్తున్నాడు. స్నోబోర్డింగే నా వృత్తి అంటున్నాడు.

నేను వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. నాకు భయంగా ఉంది. మాకు రెండెకరాల కొబ్బరి తోట, కౌలుకి తీసుకున్న ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. డాబా ఎక్కి చూసినా కొండ కనపడని ఊరు మాది. ఇక్కడ పుట్టినవాడికి మంచు కొండ మీద పనేమిటో నా ఊహకి అందడం లేదు. ఈ ఆట ఆడేవాళ్లు దేని మీద బతుకుతారు? ఎన్నేళ్లు ఆడతారు? కాలు విరిగితే తర్వాత ఏం చేస్తారు? దయచేసి వెటకారాలు వద్దు. రాత్రులు నిద్ర పట్టడం లేదు.

యానాం_బుల్లోడు

వెటకారం కాదండి, నిజంగానే రాస్తున్నా. మన వైపు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లారగట్ట పడేదే. పొలం గట్టు కనపడదు, బస్సులు లైట్లు వేసుకుని వస్తాయి, తొమ్మిదయ్యేసరికి అంతా విడిపోతుంది. అలాంటి మంచు మీద మనిషి నిలబడి జారతాడని మా అమ్మమ్మకి చెప్పడానికి అరగంట పట్టింది.

లంకల_పిల్ల

బుల్లోడూ, ఫ్రిజ్ పై అరలో గీకితే వస్తుందే, కొండంతా అదే అని చెప్పు. వెంటనే అర్థమవుతుంది.

డెన్వర్_అమలాపురం

పాలకొల్లు గారూ, మాది అమలాపురం. డెన్వర్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. మా పాప ఆరో ఏట మొదలుపెట్టింది, ఇప్పుడు పదమూడు. శీతాకాలం ప్రతి శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి కొండకి తీసుకెళ్లేవాణ్ణి నేనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక మాట. స్నోబోర్డింగ్ అంటే ఒకే ఆట కాదు. హాఫ్‌పైప్ ఉంది. మన పెద్ద కాలవని ఎండాకాలం కట్టేసినప్పుడు ఖాళీగా ఉంటుంది చూడండి, దాన్ని మంచుతో చేసి, రెండు గట్లనీ పైకి వెళ్లేకొద్దీ నిలువుగా, 22 అడుగుల ఎత్తున చెక్కినట్టు ఊహించుకోండి. ఆటగాడు ఒక గట్టు మీద నుంచి గాల్లోకి లేచి, తిరిగి అదే గట్టు మీద దిగి, రెండో గట్టు వైపు జారిపోతాడు. ఇంకోటి స్లోప్‌స్టైల్, దారిలో ఇనప కడ్డీలు, వరసగా మంచు దిబ్బలు. బిగ్ ఎయిర్‌లో ఒక్కటే పెద్ద గెంతు. ఈ మూడింటికీ జడ్జీలు మార్కులు వేస్తారు. స్నోబోర్డ్ క్రాస్, ప్యారలల్ జెయింట్ స్లాలమ్ మాత్రం పరుగు పందేల్లాంటివి, ముందు చేరినవాడే గెలుస్తాడు. 1998 నగానో ఒలింపిక్స్‌లో హాఫ్‌పైప్, జెయింట్ స్లాలమ్‌తో మొదలైంది. క్రాస్ 2006లో, స్లోప్‌స్టైల్ 2014లో, బిగ్ ఎయిర్ 2018లో చేరాయి. మీ వాడు వీటిలో ఏది అంటున్నాడో కనుక్కోండి. అది తెలియకుండా ఎన్నేళ్లు ఆడతారు అన్నదానికి జవాబు లేదు. గాల్లో తిరిగే ఆటల్లో ముప్పై దాటితే శరీరం ఒప్పుకోవడం కష్టం. స్లాలమ్‌లో 2022 బీజింగ్ స్వర్ణం గెలిచిన ఆస్ట్రియా ఆటగాడు బెంజమిన్ కార్ల్‌కి అప్పుడు 36 ఏళ్లు. అదే పోటీలో ఇటలీ నుంచి ఆడిన రోలండ్ ఫిష్నాలర్‌కి 41.

ఇక డబ్బు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పతకం ఇస్తుంది కానీ నగదు ఇవ్వదు. ఆ దేశం ఇచ్చుకోవాలి. బీజింగ్ నాటికి అమెరికా తన వాళ్లకి స్వర్ణానికి 37,500 డాలర్లు ఇచ్చింది. నాలుగేళ్లకోసారి వచ్చే ఆ డబ్బుతో ఎవరూ బతకలేరు. అసలు బతుకంతా స్పాన్సర్ల మీదే. బోర్డు కంపెనీ, బూట్ల కంపెనీ, కళ్లద్దాల కంపెనీ, కూల్‌డ్రింక్ కంపెనీ. కింది మెట్టులో ఉన్నవాడికి బోర్డు, బట్టలు ఊరికే ఇస్తారు, డబ్బు ఇవ్వరు. దాని పైన ప్రయాణ ఖర్చులు ఇస్తారు. ఆ పైన జీతం. ఒప్పందం చాలాసార్లు ఏడాది, రెండేళ్లు. ఆ మధ్యలో మోకాలు పోతే మళ్లీ రాసుకుంటారో లేదో తెలియదు. జీతం దాకా వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది.

ఇది చెప్పడానికి బాధగా ఉంది కానీ దాచడం తప్పు. హాఫ్‌పైప్‌లో పేరున్న అమెరికా ఆటగాడు షాన్ వైట్ ఆరేళ్లకి మొదలుపెట్టాడు, ఏడేళ్లకే కంపెనీ బోర్డు ఇచ్చింది, పదమూడేళ్లకి ప్రొఫెషనల్. అమెరికా అమ్మాయి క్లోయీ కిమ్ నాలుగేళ్లకి మొదలుపెట్టింది. 2014 సోచీ ఒలింపిక్స్‌కి వెళ్లేంత ఆట ఉంది, వయసు చాలలేదు. 2018లో పదిహేడేళ్లకి, అంటే మీ వాడి వయసుకి, స్వర్ణం గెలిచింది. మీ వాడు పదిహేడేళ్లకి పదకొండు రోజులు జారాడు.

కొబ్బరాకు

డెన్వర్ గారూ, ఆఖరి వాక్యం కొంచెం మెల్లగా రాయాల్సింది. తండ్రి మనసు.

పాలకొల్లు_తండ్రి

పర్లేదండి. ఇలాంటిదే నాకు కావాలి. నాలుగు నెలల నుంచి నాకు ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. సాయంత్రం వాడితో కూర్చుంటాను.

లంకల_పిల్ల

నేను ఒప్పుకోను. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లే ఆడాలా? జెన్నీ జోన్స్ అని బ్రిటన్ అమ్మాయి ఉంది. వాళ్ల ఊరి దగ్గర మంచు కొండే లేదు. ప్లాస్టిక్ బ్రష్షులు పరిచిన ఉత్తుత్తి వాలు మీద, పదహారు పదిహేడేళ్లప్పుడు మొదటిసారి బోర్డు ఎక్కింది. తర్వాత కొండల్లో విడిది ఇళ్లలో పని చేసుకుంటూ ఆడింది. 2014 సోచీలో స్లోప్‌స్టైల్ కాంస్యం. అప్పటికి ఆమెకి 33 ఏళ్లు. మంచు మీద బ్రిటన్‌కి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం అది.

కెనడా మార్క్ మెక్‌మోరిస్ ది రెజీనా. మ్యాప్‌లో చూడండి, గోధుమ పొలాలు, మన డెల్టాలాగే బల్లపరుపు నేల. అతనికి 2014, 2018, 2022 మూడు ఒలింపిక్స్‌లోనూ కాంస్యాలు. ఊళ్లో కొండ లేకపోవడం కారణమే కాదు.

నా సంగతి కూడా చెప్తాను. నేను వాలీబాల్ జిల్లా జట్టుకి ఆడాను. రాష్ట్ర స్థాయి సెలక్షన్‌కి పిలుపొచ్చిన వారం మా నాన్న బ్యాగు అటక మీద పెట్టేశారు. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. నేను ఎంతవరకు వెళ్లేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. పాలకొల్లు బాబాయ్ గారూ, వాడు ఓడిపోతే ఓడిపోనివ్వండి. ఆ బ్యాగు మాత్రం అటక మీద పెట్టకండి.

డెన్వర్_అమలాపురం

లంకల పిల్ల గారూ, జెన్నీ జోన్స్ మాట నిజమే. కానీ ఆమె మొదలుపెట్టింది 1990లలో. అప్పటికి ఆటే కొత్త. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ల కోసం రెండు స్కీలు కలిపి బిగించి ఇచ్చాడు, దాన్ని స్నర్ఫర్ అన్నారు. 1977లో జేక్ బర్టన్ వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టాడు. ఆ తర్వాత కూడా చాలా కొండల మీద వీళ్లని రానిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో ఇరవైకి మొదలుపెట్టినా చోటు ఉండేది. ఇప్పుడు అదే బ్రిటన్ నుంచి మియా బ్రూక్స్ 2023లో పదహారేళ్లకే స్లోప్‌స్టైల్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ పోటీలో 1440 డిగ్రీలు తిరిగింది, అంటే గాల్లో నాలుగు చుట్లు.

ఇక మెక్‌మోరిస్. ఊళ్లో కొండ లేకపోయినా వాళ్ల ఇంట్లో వాళ్లు చిన్నప్పటి నుంచి కొండలకి తీసుకెళ్లారు. తేడా అదే.

వాలీబాల్ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

లెక్కల_మాస్టారు_రావులపాలెం

నాకు ఆట తెలియదు, అంకెలు తెలుసు. 2022 ఒలింపిక్స్‌లో హాఫ్‌పైప్‌కి మగవాళ్లలో ప్రపంచం మొత్తానికీ 25 చోట్లు. ఫైనల్‌కి 12. ఐఐటీల్లో సీట్లు పదిహేను వేలకి పైనే. ముప్పై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి చెబుతున్నాను. ఆ పదిహేను వేలలో ఒకటి కష్టమని ఏడ్చే తల్లిదండ్రులు ఈ పాతిక గురించి ఒక్కసారి ఆలోచించాలి.

అయితే నా అనుభవంలో ఒకటి చూశాను. పుస్తకం బలవంతంగా చేతిలో పెట్టిన పిల్లవాడు ఆ ఏడాది అదీ చదవడు, ఇదీ చెయ్యడు. పరీక్ష రాయమని మాత్రం గట్టిగా చెప్పండి. సీటు వచ్చాక ఏం చెయ్యాలన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మాధవరం_ఫౌజీ

ఈ చర్చలో అందరూ అమెరికా, ఇంగ్లండ్ అంటున్నారు. మన దేశంలో మంచు లేదా?

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఊరంతా మిలటరీయే, ఈ వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. నా సర్వీసులో రెండు శీతాకాలాలు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గడిచాయి. అక్కడ ఆర్మీ హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ 1948 నుంచి ఉంది. కొండల్లో ఎక్కడం, స్కీయింగ్ నేర్పిస్తారు. పంట కాలవలో ఈత తప్ప ఇంకేమీ తెలియని నేను అక్కడ ఇరవై నాలుగేళ్లకి మొదటిసారి మంచు చూశాను. మొదటి వారం పడ్డ దెబ్బలకి లెక్క లేదు. ఆరో వారానికి వీపున బరువుతో దిగగలిగాను. కాబట్టి డెల్టా కాళ్లు పనికిరావు అనే మాట నేను నమ్మను.

సివిల్ పిల్లలకి గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్ సంస్థ ఒకటి ఉంది. ఔలిలో, మనాలి దగ్గర సోలంగ్‌లో కూడా నేర్పిస్తారు. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరుగుతున్నాయి, గుల్మార్గ్‌లో జరిగే పోటీల్లో స్నోబోర్డింగ్ ఉంది. అక్కడి కశ్మీరీ కుర్రాళ్లు శీతాకాలం స్కీ, స్నోబోర్డు నేర్పిస్తారు, వేసవిలో టూరిస్టులని కొండలెక్కిస్తారు. పతకం లేకపోయినా ఇల్లు గడుస్తోంది. దాన్ని వృత్తి అనాలా వద్దా మీరే చెప్పండి.

రెండు హెచ్చరికలు. గుల్మార్గ్‌లో గొండోలా, అంటే కేబుల్ కారు, రెండో దశ అఫర్వత్ కొండ మీదకి, 3,900 మీటర్లు దాటి వెళ్తుంది. అక్కడ గైడు లేకుండా ఎవర్నీ పంపించవద్దు. 2010 ఫిబ్రవరిలో మా స్కూల్ శిక్షణలో ఉండగా మంచు చరియ విరిగిపడి 17 మంది సైనికులు చనిపోయారు. తర్ఫీదు ఉన్నవాళ్లు వాళ్లు. రెండోది, మంచు ఇప్పుడు చెప్పిన టైముకి పడడం లేదు. 2025లో గుల్మార్గ్‌లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా పోటీలు మంచు చాలక మార్చికి వెళ్లాయి.

యానాం_బుల్లోడు

ఫౌజీ గారూ, పంట కాలవలో ఈత నుంచి వీపున బరువుతో మంచు కొండ దిగడం దాకా. మీ మీదే వేరే చర్చ పెట్టాలి.

దుబాయ్_రాజోలు

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి తెలుసు కానీ ఊళ్లో చెబితే నమ్మరు. దుబాయ్‌లో ఒక మాల్ లోపల మంచు కొండ ఉంది. 2005లో తెరిచారు. పొడవైన వాలు 400 మీటర్లు. బయట 45 డిగ్రీల ఎండ, లోపల సున్నా కింద. నేను డ్రైవర్ని, మా ముదీర్ (మేనేజర్) పిల్లల్ని వారానికి రెండుసార్లు అక్కడ దింపేవాణ్ణి. అద్దం బయట నిలబడి చూసేవాణ్ణి. అక్కడ నేర్పించే నేపాల్ అబ్బాయి ఒకడు నాకు స్నేహితుడయ్యాడు. వాడు మొదట బూట్లు అద్దెకిచ్చే కౌంటర్లో పనికి చేరాడట. డ్యూటీ అయ్యాక రోజూ గంట జారి, రెండేళ్లకి కోచ్ అయ్యాడు. పాలకొల్లు గారూ, మీ వాడికి కౌంటర్లో పని చెయ్యడానికి ఇష్టమేనా? అది అడగండి ముందు.

ఫిజియో_కాకినాడ

కాలు విరిగితే ఏం చేస్తారు అని పాలకొల్లు గారు మొదట్లోనే అడిగారు. అందరూ దాన్ని దాటి వెళ్లిపోయారు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎక్కువగా విరిగేది కాలు కాదు, మణికట్టు. రెండు కాళ్లూ ఒకే బోర్డుకి బిగించి ఉంటాయి కాబట్టి పడేటప్పుడు అడుగు మార్చుకోవడానికి ఉండదు. చెయ్యి చాచేస్తారు. మణికట్టు రక్షణ పట్టీలు తప్పనిసరి. తర్వాత భుజం, కాలర్ ఎముక. చీలమండలో టాలస్ అనే ఎముక అంచు విరగడం ఈ ఆటలో మామూలు, దానికి స్నోబోర్డర్స్ యాంకిల్ అనే పేరే ఉంది. మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు, బెణుకు అనుకుని కట్టు కట్టి పంపిస్తారు. బయటివైపు నొప్పి తగ్గకపోతే సీటీ స్కాన్ అడగాలి.

నాకు నిజంగా భయం తల దెబ్బ. కెవిన్ పియర్స్ అనే అమెరికా కుర్రాడు షాన్ వైట్‌కి గట్టి పోటీ. 2009 డిసెంబర్ 31న, వాంకూవర్ ఒలింపిక్స్‌కి ఆరు వారాల ముందు, పార్క్ సిటీలో హాఫ్‌పైప్ సాధన చేస్తూ పడ్డాడు. హెల్మెట్ ఉంది. అయినా మెదడుకి తీవ్రమైన గాయం. నడక, మాట మళ్లీ నేర్చుకున్నాడు. పోటీల జీవితం ఇరవై రెండేళ్లకి అయిపోయింది. తర్వాత మెదడు గాయాలైన వాళ్ల కోసం సంస్థ నడుపుతున్నాడు.

పైన చెప్పిన మెక్‌మోరిస్ 2017 మార్చిలో చెట్టుకి గుద్దుకున్నాడు. దవడ, చెయ్యి, పక్కటెముకలు, కటి ఎముక విరిగాయి, ప్లీహం చిట్లింది, ఒక ఊపిరితిత్తి కుంగిపోయింది. పదకొండు నెలలకి ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. ఇది చూసి పిల్లలు ఎవరైనా కోలుకుంటారు అనుకుంటారు. అతని వెనక ఉన్న వైద్య బృందం, ఆ డబ్బు అందరికీ ఉండవు. మీ వాడు విదేశం వెళ్తే ఇన్సూరెన్స్ పాలసీ మొత్తం చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఇలాంటి ఆటలు మినహాయింపు. విడిగా కట్టాలి.

దింపు_వారి_అబ్బాయి

ఫిజియో గారి పోస్టు చదివాక రాయాలనిపించింది. మా నాన్న దింపు మనిషి. ముప్పై ఏళ్లు కొబ్బరి చెట్లు ఎక్కారు. తాడు తప్ప ఏమీ లేదు. వానాకాలం మాను నాచు పట్టి జారుతుంది, అయినా ఎక్కాలి, కాయ ఆగదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రైతు తోటలో పడ్డారు. తుంటి విరిగింది. ఆ రైతు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాన్న మళ్లీ చెట్టెక్కలేదు.

మంచు ఆట ప్రమాదం అని అందరూ అంటుంటే నాకు ఇదే గుర్తొస్తోంది. మన ఊళ్లో రోజూ పొద్దున్నే మనుషులు అరవై అడుగులు ఎక్కుతున్నారు, వాళ్ల గురించి ఎవరికీ నిద్ర పట్టకుండా పోవడం లేదు. పాలకొల్లు గారిని అనడం లేదండి, మీ బాధ నాకు అర్థమైంది.

ఒక్కటి అడుగుతాను. మా నాన్నకి ఎక్కడం నేర్పించారు, పడడం ఎవరూ నేర్పించలేదు. ఈ ఆటలో పడడం నేర్పిస్తారా?

డెన్వర్_అమలాపురం

నేర్పిస్తారు తమ్ముడూ. మా పాపకి మొదటి గంటలో నేర్పింది అదే. ముందుకు పడితే మోకాళ్లు, ముంజేతులు ఆనాలి, పిడికిలి బిగించి ఉంచాలి. వెనక్కి పడితే గడ్డం గుండెకి ఆనించి, పిరుదుల మీద కూర్చున్నట్టు పడి వీపు మీదకి దొర్లాలి. పైస్థాయిలో ఏ విన్యాసమైనా నేరుగా మంచు మీద చెయ్యరు. ముందు ట్రాంపొలీన్, తర్వాత స్పాంజి గుంట, తర్వాత కొండ మీదే గాలి నింపిన పెద్ద పరుపు. మాకు దగ్గర్లోని కాపర్ మౌంటెన్‌లో దీనికోసమే పెద్ద షెడ్డు ఉంది.

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

ఫిజియో_కాకినాడ

దింపు తమ్ముడూ, నా దగ్గరకి నెలకి ఒకరిద్దరు చెట్టు మీంచి పడ్డవాళ్లు వస్తారు. నువ్వన్నది నిజం. నాన్నగారికి ఇప్పటికీ నడకలో ఇబ్బంది ఉంటే తీసుకురా. మెసేజ్ పెడుతున్నాను.

పాలకొల్లు_తండ్రి

నిన్న రాత్రి వాడితో కూర్చున్నాను. ఈ చర్చలో ఉన్నవన్నీ చెప్పాను. పాతిక చోట్ల లెక్క చెప్పాను. ఆశ్చర్యం ఏమిటంటే వాడికి అది ముందే తెలుసు. పతకం సంగతి నేనెప్పుడు అన్నాను నాన్నా అన్నాడు. అల్మరాలోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. ఫిజిక్స్ రికార్డు అనుకున్నాను. అందులో అన్నీ మంచు దిబ్బల బొమ్మలు. ఏ వాలు ఎంత, ఎక్కడ ఎగరాలి, ఎక్కడ దిగాలి, కోణాలు, వేగాలు. కొండ దిగినప్పుడల్లా అక్కడ మంచు చదును చేసే బండి నడిపేవాళ్ల దగ్గర నిలబడి చూశాడట. రాత్రిపూట ఆ దిబ్బలు చెక్కేవాళ్లు కూడా ఆటగాళ్లేనట. అలాంటి పని చేస్తూ ఆడుకోవాలని ఉంది అన్నాడు. కౌంటర్లో పని చేస్తావా అని దుబాయ్ గారి మాట కూడా అడిగాను. చేస్తాను, అక్కడ మంచు ఊరికే దొరుకుతుందిగా అన్నాడు.

ఈ నాలుగు నెలలూ నేను వాణ్ణి ఏమీ అడగలేదని అప్పుడు తెలిసింది నాకు. ఉద్యోగమా కాదా అన్నదే పట్టుకుని కూర్చున్నాను.

ఇంకోటి. మా వెనక కాలవ గట్టు మీద వాడు రోజూ సాయంత్రం కొబ్బరి మట్ట మీద నిలబడి జారుతున్నాడని మా ఆవిడ చెప్పింది. చిన్నప్పుడు మేం కూర్చుని జారేవాళ్లం. వీడు నిలబడి జారుతున్నాడు. చాటుగా వెళ్లి చూశాను. బాగుంది చూడ్డానికి.

డెన్వర్_అమలాపురం

ఏ కాలు ముందు పెట్టాడు?

పాలకొల్లు_తండ్రి

కుడి కాలు.

డెన్వర్_అమలాపురం

అయితే గూఫీ. తిట్టు కాదండోయ్, ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లని రెగ్యులర్ అంటారు, కుడి కాలు ముందైతే గూఫీ. మా పాపా అంతే.

ఆ నోటు పుస్తకం సంగతి విన్నాక నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. నేను పోటీల గురించే రాశాను. కానీ కొండ మీద జీతం తీసుకునేవాళ్లలో పోటీలు ఆడేవాళ్లు చాలా తక్కువ. పార్కులు చెక్కేవాళ్లు, కోచ్‌లు, రెస్క్యూ వాళ్లు, బోర్డులకి మైనం పట్టి అంచులు పదును పెట్టేవాళ్లు, జడ్జీలు, వీడియో తీసేవాళ్లు. నేర్పించడానికి సర్టిఫికెట్లు ఉంటాయి, కెనడాలో అయితే నాలుగు లెవెల్స్. ఆ కోణాలు, వేగాలు లెక్క కట్టడానికి మెకానికల్ చదువు బాగా పనికొస్తుంది. దిగే చోట వాలు తప్పుగా చెక్కితే కెవిన్ పియర్స్‌లాంటి గాయాలు ఇంకా ఎక్కువవుతాయి. అలాంటివి ఆపగలిగే పని అది. క్లోయీ కిమ్ నాన్నగారు ఇంజనీరు ఉద్యోగం మానేసి పిల్లని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని అర్ధరాత్రులు కొండకి తీసుకెళ్లేవారు. మీకు అంత అవసరం లేదు. వాడి ఇంజనీరింగూ, వాడి మంచూ ఒకేచోట ఉన్నాయి.

ఒక్కటి మాత్రం మారదు. మంచు మీద రోజులు కావాలి. ఏ పని అయినా పదకొండు రోజులతో కాదు.

లెక్కల_మాస్టారు_రావులపాలెం

ఆ నోటు పుస్తకం ఒకసారి నాకు చూపిస్తారా? ఫొటోలు చాలు. దిగే వాలు కోణం తీసుకుని అతను వేగం ఎలా లెక్క కట్టాడో చూడాలని ఉంది. ప్రక్షేపకాల పాఠం పిల్లలకి ఇక నుంచి దాంతోనే చెబుతాను.

లంకల_పిల్ల

బాబాయ్ గారూ, మీరు చాటుగా వెళ్లి చూశారు కదా. ఈసారి ఎదురుగా నిలబడి చూడండి.

కొబ్బరాకు

మట్ట జాగ్రత్త. ఎండిన మట్ట అంచు కోస్తుంది, పాదాలకి ఏదైనా వేసుకోమనండి. సముద్రం వైపు వెళ్తే ఇసుక తిన్నెల మీద ఇంకా బాగా జారొచ్చు. మా పిల్లలు పాత అట్టముక్కల మీద జారతారు.

పాలకొల్లు_తండ్రి

ఇంట్లో మాట్లాడుకున్నాం. ఎంసెట్ రాస్తానన్నాడు, మెకానికల్ కోసం. పరీక్షలు మార్చిలో ఉన్నాయి కాబట్టి ఈ జనవరి కుదరదు. పై జనవరికి గుల్మార్గ్‌లో రెండు వారాలు. చెరువు పట్టుబడి వచ్చిన డబ్బులో కొంత పక్కన పెడుతున్నాను. నేనూ వస్తాను అన్నాను. వాడు ఏమీ అనలేదు కానీ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

ఫౌజీ గారూ, అక్కడికి ఎలా వెళ్లాలి, ఏం కొనాలి చెప్పగలరా?

మాధవరం_ఫౌజీ

శ్రీనగర్ నుంచి తంగ్‌మార్గ్ దాకా మామూలు బండి. అక్కడ్నుంచి గుల్మార్గ్‌కి పదమూడు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, మంచు పడితే టైర్లకి గొలుసులు కట్టిన బండ్లే వెళ్తాయి. బోర్డు, బూట్లు అక్కడ అద్దెకి దొరుకుతాయి, కొనొద్దు. హెల్మెట్ తలకి సరిపోయేది మీరే కొనుక్కుని వెళ్లండి. లోపల నూలు బనీను వద్దు, చెమట పట్టి తడిసి చలి పట్టేస్తుంది, ఉన్ని కానీ సింథటిక్ కానీ వేసుకోవాలి. మంచు మీద ఎండ ముఖాన్ని కాల్చేస్తుంది, క్రీమ్, నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు. మొదటి రోజు పరుగులు వద్దు, ఎత్తుకి ఊపిరి అలవాటవ్వాలి. తిండికి బెంగ లేదు, కశ్మీరీలు మనలాగే అన్నం మనుషులు. ఆవకాయ పట్టుకెళ్లండి, గడ్డకడితే పొయ్యి దగ్గర పెట్టుకోండి. చేతి తొడుగులు రెండు జతలు, తడవనివి. ఒకటి తడిస్తే రెండోది.

పాలకొల్లు_తండ్రి

రాసుకున్నాను. తొడుగులు నాకు కూడా కావాలా? నేను జారను కదా, కింద నిలబడి చూస్తాను.

మాధవరం_ఫౌజీ

మీకే ముందు కొనండి. జారేవాడికి ఒళ్లు వేడెక్కుతుంది, కింద నిలబడేవాడికే చలి.